పాత నేరము, కొత్త సంహిత

1860లో తెల్లదొరలు వ్రాసిన శిక్షాస్మృతి పోయినదనియు, 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత వచ్చినదనియు మన పెద్దలు సభలలో చాటిరి. సంతోషమే. కాని పేరు మారినంత సులభముగా బుద్ధి మారినదా? పాత స్మృతిలోని 75వ సెక్షనును కొత్త సంహితలోని 13వ సెక్షను ప్రక్కన నుంచి చూడుడు. నాణెముల విషయమునగాని, ఆస్తి విషయమునగాని మూడేండ్లు, అంతకు మించియు ఖైదు విధింపదగిన నేరమునకు ఒకమారు శిక్షపడినవాడు, ఆ శిక్ష నెలరోజులదే యైనను సరే, మరల అట్టి నేరము చేసెనేని, వానికి పదేండ్లవరకు గాని యావజ్జీవము గాని ఖైదు విధింపవచ్చునట!

దొంగను వెనుక వేసికొని వచ్చుట మా యుద్దేశము కాదు. కష్టార్జితము పోగొట్టుకొన్నవాని దుఃఖము మే మెఱుగుదుము. మే మడుగునది వేఱు. రెండుమారులు పరుల యెముకలు విఱుగగొట్టినవానికి ఈ సెక్షను వర్తింపదు. రెండుమారులు మోటారుసైకిలు దొంగిలించినవానికి వర్తించును. ఖజానాను, షావుకారు పెట్టెను కాచుకొనుటకై పరప్రభుత్వము గీచిన గీతను స్వరాజ్యము ఏల దిద్దలేదు?

ఇంకొక వింత. దొంగతనమునకే యేర్పడిన 303వ సెక్షను, రెండవమారు శిక్షపడువానికి ఏడాదికి తగ్గని, అయిదేండ్లకు మించని కఠినఖైదు చెప్పుచున్నది. అదే మనిషి, అదే దొంగతనము! ఒక పుటలో అయిదేండ్లు, మఱియొక పుటలో యావజ్జీవము. ఏ పుట తెఱవవలెనో తెలుపు సూత్రమేదియు లేదు. పోలీసువారు అభియోగపత్రమున వ్రాసిన సెక్షను, న్యాయాధిపతి మనోధర్మము, ఇవియే ప్రమాణములు. దండనమునకు మార్గసూత్రములు కావలెనని మళిమఠ్ సంఘము 2003లోనే చెప్పెను. 2023లో సంహితను వ్రాసినవారు ఆ మాట చెవిని బెట్టలేదు.

నేరము రుజువైన పిదపనే పూర్వశిక్ష మాట యెత్తవలెనన్న నియమము మంచిది. దండనమునుగూర్చి ముద్దాయిని వేఱుగ వినవలెనని 1973 నాటి విధానస్మృతి తెచ్చిన యేర్పాటు మఱియు మంచిది. అయితే జరుగునదేమి? 'ఏమి చెప్పుకొందువు?' 'బీదవాడను బాబూ, పిల్లలున్నారు.' రెండు పంక్తులు కాగితమున బడును, వినుట ముగియును. మొదటి శిక్ష యెన్నేండ్లనాటిది, విడుదలైన పిదప వానికి పని యిచ్చినవారెవరు, అని యడుగువారేరి?

ఈ దృష్టి యెచ్చటికి గొనిపోవునో ఆంధ్రులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. 1911 నాటి నేరస్థజాతుల చట్టము మద్రాసు రాజధానికిని వచ్చెను. బాపట్ల చేరువ స్టూవర్టుపురమున ఎఱుకలవారిని నిర్బంధించి యుంచిరి. ఆ చట్టమున నమోదైనవానికి, విశేషకారణము చూపనిచో, కొన్ని నేరములకు రెండవ శిక్ష ఏడేండ్లకు తగ్గరాదు, మూడవది ద్వీపాంతరవాసము! 1952లో ఆ చట్టము రద్దయ్యెను. దానిచోట అలవాటు నేరస్థుల చట్టములు కూర్చుండెను.

పార్లమెంటువారు 13వ సెక్షనును కొట్టివేయవలెను. అంతవరకు దానిని వాడు ప్రతి న్యాయాధిపతియు పూర్వశిక్ష తేదీని, నడుమ గడచిన కాలమును, 303వ సెక్షను చాలకపోవుటకు హేతువును తీర్పులో వ్రాయవలెను. ఉచితన్యాయసహాయముక్రింద నిలుచు ప్లీడరులు ఈ మూడింటిని ప్రతి కేసులోను లిఖితముగ నడుగుదురు గాక.