నాలుక ముదిరిందని ఎవరన్నారు?

మూడేళ్లకే ఇంగ్లీషు మొదలుపెట్టకపోతే నాలుక ముదిరిపోతుందట, ఆ తర్వాత తిరగదట. చిత్తూరు, తిరుపతి కాన్వెంట్లలో పుట్టిన ఈ మాట ఇప్పుడు మా తండాలకూ వచ్చింది. పుంగనూరు వైపు ఒక తండాలో ఈ భయంతోనే ఒక తల్లి బిడ్డతో గోర్‌బోలి మాట్లాడటం మానేసింది. ఆమెకొచ్చిన తెలుగు సంతలో బేరానికి సరిపోయేంత. ఆ నాలుగు ముక్కలతోనే బిడ్డను పెంచింది. మిగతా పొద్దంతా సెల్లులో ఇంగ్లీషు రైమ్సు. ఐదేళ్లకు మా బడికొచ్చిన ఆ బిడ్డ, కడుపునొప్పి అని చెప్పడానికి ఏ భాషలోనూ మాట దొరక్క పొట్ట పట్టుకుని నిలబడింది.

ఈ మూడేళ్ల లెక్క ఎవరు కట్టారని మేం అడుగుతున్నాం.

వయసుతో పరాయి శబ్దాలు పట్టే శక్తి తగ్గుతుందన్నది నిజమే. కానీ అది ఎప్పుడు మొదలవుతుంది? కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పసిబిడ్డలకు హిందీలోని ట, త వినిపించారు. 1984లో వాళ్లు ప్రకటించిన దాని ప్రకారం ఆరేడు నెలల బిడ్డలు తేడా పట్టారు. ఏడాది నిండే సరికి చాలామంది పట్టలేకపోయారు. అంటే ఉయ్యాల్లో ఉండగానే చెవి తన ఇంటి శబ్దాలకు అలవాటు పడిపోతోంది. మూడేళ్లకు ఎల్‌కేజీ ఫీజు కట్టించుకునేవాళ్లు తమ వాదన ప్రకారమే రెండేళ్లు ఆలస్యం!

పోనీ, సెల్లు నేర్పుతుందా? 2003లో అమెరికాలో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల బిడ్డలకు చైనా మాట వినిపించింది. ఎదుట కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన మనిషి దగ్గర బిడ్డలు ఆ శబ్దాలు పట్టారు. టీవీలో విన్న బిడ్డలకు ఏమీ రాలేదు. శబ్దం నేర్పాలంటే మనిషి కావాలి. మా తండాలో ఆ మనిషి అమ్మ, అవ్వ. వాళ్ల నోరే మూయించారు.

బడిలో నేర్చే ఇంగ్లీషు సంగతి వేరు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఎనిమిదేళ్లకు, పదకొండేళ్లకు మొదలుపెట్టిన పిల్లలను పోల్చి చూశారు. అన్నే గంటలు చదివాక మొత్తం మీద పెద్దవాళ్లే ముందున్నారు.

మా టీటీసీ రోజుల్లో పాఠం చెబుతూ మేం 'వెరీ వెల్' అంటే, రెండు 'వ'లూ ఒక్కటే అయ్యాయని క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్లవీ ఒక్కటే, అది వేరే సంగతి. మా పిల్లలు గుర్రాన్ని 'ఘోడో' అంటారు. తెలుగింటి పిల్లలు 'గ' అనేసే ఆ 'ఘ' వీళ్లకు తల్లిపాలతో వచ్చింది. దాన్ని మెచ్చుకున్న ఇన్‌స్పెక్షన్ ఒక్కటీ మేం చూడలేదు.

మాకు ఇంగ్లీషు వద్దని కాదు, వద్దంటే నష్టపోయేది మేమే. యాస ఉంటే ఉండనీ. అంగన్‌వాడీలో మాత్రం మా మాట వచ్చిన మనిషి ఉండాలి. జూన్‌లో బడి తెరవకముందే తండాలకు పోదాం. ఎరుకల టీచర్లు ఎరుకల మాటలో, మేం గోర్‌బోలిలో, బిడ్డతో మీ మాటే మాట్లాడమని తల్లులకు చెబుదాం.