పాము కరిస్తే ఎక్కడికి?

కాలువలకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యాయంటే దివిసీమ పల్లెల్లో పాముల భయమూ మొదలవుతుంది. పొలాల్లో బొరియలు నీటితో నిండగానే ఎలుకలు గట్లెక్కి ఇళ్లలోకి చేరతాయి. వాటి వెనకే పాములు. 2018 ఆగస్టులో అవనిగడ్డ ఆస్పత్రికి పాముకాటు కేసులు వరసగా రావడం, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి హోమం జరగడం ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. హోమం చేయిస్తే కాదనేవారు లేరు. కాని కాటుపడిన మనిషిని ఆ రాత్రి ఎక్కడికి తీసుకుపోవాలన్నది హోమంతో తేలేది కాదు.

ఊళ్లో కనిపించే పాముల్లో చాలావాటికి ప్రాణం తీసే విషం లేదు. జెర్రిపోతు, నీరుకట్టు కరిచినా మనిషి చావడు. పైగా జెర్రిపోతును చంపిన రైతు తన ధాన్యం మీదికి తానే ఎలుకలను పిలుచుకున్నట్లు. ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: తాచు, కట్లపాము, రక్తపింజర, మెట్ట నేలల్లో తిరిగే చిన్నపింజర. ఇవైనా కరిచిన ప్రతిసారీ విషం వదలవు. విషం వాటికి తిండి సంపాదించుకునే సాధనం. మనిషి వాటి తిండి కాదు గనుక ఒక్కోసారి కోర దిగినా విషం దిగదు. మంత్రగాడి పేరు నిలిచేది సరిగ్గా ఇక్కడే. అలాంటి కాటు పడినవాడు మంత్రం వేసినా బతుకుతాడు, వేయకపోయినా బతుకుతాడు. బతికినవాళ్లు ఆ సంగతి ఊరూరా చెబుతారు. చనిపోయినవాడి విషయంలో మాత్రం ఆయుష్షు తీరిందని సరిపెట్టుకుంటారు.

వీటిలో కట్లపాము సంగతి విడిగా చెప్పుకోవాలి. నల్లటి ఒంటిమీద సన్నని తెల్లకట్లతో ఉండే ఈ పాము పగలంతా ఇటుకల సందునో, బొరియలోనో ముడుచుకుని ఉంటుంది. చీకటిపడ్డాక బల్లులను, ఎలుకలను, చిన్న పాములను వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తుంది. నేలమీద చాప వేసుకుని పడుకున్న మనిషి నిద్రలో చెయ్యి కదిపితే కాటు వేస్తుంది. కోరలు చిన్నవి కావడం వల్ల గాటు వెతికితేగాని కనపడదు. నొప్పి, వాపు ఉండవు. చీమ కుట్టిందనుకుని మళ్లీ నిద్రపోతారు. తెల్లవారుజామున కడుపునొప్పి వస్తుంది. అజీర్తి అనుకుని ఇంట్లోవాళ్లు వాము నమిలిస్తూ ఉండగానే రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు, చివరికి ఊపిరి ఆగుతుంది. నేలమీద పడుకున్న మనిషిలో ఈ లక్షణాలు కనిపిస్తే, పామును ఎవరూ చూడకపోయినా సరే, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

రక్తపింజర తీరు వేరు. నేల అదిరితే చాలా పాములు తప్పుకుంటాయి. ఇది ఎండుగడ్డిలో కలిసిపోయి కదలకుండా పడి ఉంటుంది. కరిచిన వెంటనే మంట, వాపు వస్తాయి. రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అలాంటప్పుడు బ్లేడుతో కోయడం, తాడు బిగించడం చేజేతులా అపాయం తెచ్చుకోవడమే.

పాము పగబడుతుందని చెప్పుకునేది కథల్లోని మాట. కరిచినదాన్ని కొట్టి ఆస్పత్రికి పట్టుకుపోవాలని వెతుకుతూ కూర్చోనక్కరలేదు. ఈ నాలుగింటి విషానికీ ఒకే ఇంజక్షను ఉంది. తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘంవారు పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. అలా సేకరించిన విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకెక్కించి, వాటి రక్తం నుంచి ఈ మందు తయారుచేస్తారు.

మందు ఉన్నా మరణాలు ఆగలేదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక ప్రణాళిక ప్రకటించింది. సంకల్పం మంచిదే. అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సీసాలున్నా రాత్రిపూట డాక్టరు లేకపోతే, ఉన్న డాక్టరు మందు వికటిస్తుందేమోనని జంకి పట్నం పంపిస్తే, ఆ దారిలోనే ప్రాణం పోతుంది. నాట్ల నుంచి కోతలయ్యే వరకు ఏ కేంద్రంలో మందు, రాత్రి డాక్టరు ఉన్నారో జిల్లా అధికారులు స్వయంగా తనిఖీ చేయాలి. ఏ ఊరివారు ఎక్కడికి పోవాలో పంచాయతీ ఆఫీసు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఈలోగా ఇళ్లలో చేసుకోగలిగినవి ఉన్నాయి. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే కట్లపాము బాధ చాలావరకు తప్పుతుంది. రాత్రి నీళ్లు కట్టడానికి పోయేవారి చేతిలో టార్చిలైటు, కర్ర ఉండాలి. కాటుపడితే మనిషిని నడిపించకుండా, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేయాలి. మంత్రం మీద నమ్మకం ఉన్నవారు మంత్రగాణ్ణి కూడా ఆ బండిలోనే ఎక్కించుకుని పోవచ్చు.