కొలతలిచ్చి చేయించుకున్న సైకిలు

మన సినిమాల్లో హీరోకి కారుంటుంది, గుర్రముంటుంది, అవసరమైతే హెలికాప్టరు కూడా దిగుతుంది. సైకిలు మాత్రం హీరో తండ్రికో, పోస్ట్‌మాన్‌కో, పాలవాడికో ఇచ్చేస్తారు. హీరోగారే సైకిలెక్కి వచ్చాడంటే ఒకటే అర్థం, ఇంకా కష్టాల్లోంచి బయటపడలేదని! 1989లో 'శివ' వచ్చి సైకిలుకి కాస్త మర్యాద తెచ్చిపెట్టింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ మర్యాద కూడా సైకిలుకి దక్కలేదు, చైను కొట్టేసింది. (ఆ రోజుల్లో కాలేజీ స్టాండులో చైను లాగబోయి వేళ్ళు నలగ్గొట్టుకున్న వీరులు మీ ఇంట్లోనే ఉండొచ్చు, నాన్నగారిని అడిగి చూడండి. రివెట్లు బిగించిన చైను చేత్తో లాగితే వచ్చేది కాదు నాయనా!) ఇహ 1992లో హిందీలో వచ్చిన 'జో జీతా వహీ సికందర్'లో ఆఖరి పందెం సైకిళ్ళది. దాని ఆధారంగా 1999లో మన 'తమ్ముడు' తయారయ్యేసరికి అది కిక్ బాక్సింగయింది. అలా తెలుగు తెర మీద సైకిలు ఎక్కినట్టే ఎక్కి దిగిపోయింది.

ఈ వారం ఆ దిగిపోయిన సైకిలు కబుర్లే. అదీ మామూలు సైకిలు కాదు. రాత్రి పడుకునే ముందు కళ్ళ ముందు మెరిసే సైకిలు, కొలతలిచ్చి మనకోసమే చేయించుకునే సైకిలు.

ఈ పిచ్చి ఎలా ఉంటుందో తెలియాలంటే 1979లో అమెరికాలో వచ్చిన 'బ్రేకింగ్ అవే' చూడండి. దర్శకుడు పీటర్ యేట్స్. రాసినవాడు స్టీవ్ టెసిచ్, ఆ స్క్రీన్‌ప్లేకే ఆయనకి ఆస్కార్ వచ్చింది. ఇండియానా రాష్ట్రంలో బ్లూమింగ్టన్ అనే ఊరు. అక్కడ రాతి గనుల్లో పనిచేసినవాళ్ళ పిల్లల్ని యూనివర్సిటీ కుర్రాళ్ళు 'కట్టర్లు' అని చిన్నచూపు చూస్తుంటారు. అలాంటి ఇంట్లో పుట్టిన డేవ్‌కి సైకిలంటే ప్రాణం, ఇటలీ రేసర్లంటే పిచ్చి. ఇంట్లో ఇటాలియన్ మాట్లాడతాడు, ఇటాలియన్ పాటలు పెడతాడు. పాత కార్లు అమ్ముకునే తండ్రికి ఈ గొడవ అర్థంకాక తల పట్టుకుంటాడు. తండ్రి పాత్ర వేసిన పాల్ డూలీ మొహం చూస్తుంటే, తెలుగులో ఈ వేషం గుమ్మడిగారికిస్తే ఎంత బావుండేదా అనిపిస్తుంది!

ఆ కుర్రాడి దగ్గరున్న సైకిలు పేరు మాసీ. తొక్కుతాడు, తుడుస్తాడు, దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటాడు. ఆ మాసీ కథ సినిమా కథకేం తీసిపోదు. ఫలియెరో మాసీ అని ఇటలీలో ఓ పనివాడుండేవాడు. మిలాన్‌లో విగొరెల్లి అనే సైకిలు పందేల స్టేడియం ఉంది. దాని కిందనే ఆయన వర్క్‌షాపు. ఆయనకి రేసర్లు పెట్టుకున్న ముద్దుపేరు 'దర్జీ'. ఎందుకంటే ఆయన మనిషిని చూసి, కొలిచి, ఆ ఒంటికి సరిపడా ఫ్రేము కట్టేవాడు. మన ఊళ్ళో టైలరు మెళ్ళో టేపు వేసుకుని భుజం, చేతి పొడవు చూసి చొక్కా కుట్టినట్టే అన్నమాట. రెడీమేడ్ చొక్కా కొంటే చేతులు పొడవో పొట్టో అవుతుంది చూడండి, సైకిలూ అంతే. కంపెనీ వాళ్ళు నాలుగైదు సైజులు చేస్తారు. మనం వాటిలో ఒకదాంట్లో సర్దుకోవాలి.

కొలిచి చెయ్యడంలో ఉన్నదేమిటయ్యా అంటే, చాలా ఉంది. కాళ్ళ పొడవు, నడుం పైభాగం పొడవు, చేతుల పొడవు, భుజాల వెడల్పు అన్నీ చూస్తారు. సీటు కింది గొట్టం ఎంత వాలుగా ఉండాలో నిర్ణయిస్తారు. మామూలుగా 73 డిగ్రీలకి కాస్త అటూఇటూ ఉంటుంది. ఒక్క డిగ్రీ మారితే సీటు సెంటీమీటరుకి పైగా ముందుకో వెనక్కో జరుగుతుంది. తర్వాత గొట్టాల ఎంపిక. ఇంగ్లండు రేనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన 531 రకం స్టీలు గొట్టాల పేరు చెబితే పాతకాలపు సైకిలు పిచ్చాళ్ళు ఇప్పటికీ చెవులు రిక్కిస్తారు. ఇటలీలో కొలంబస్ వాళ్ళవి అంత ప్రసిద్ధి. ఈ గొట్టాల గోడలు చివర్ల దగ్గర మందంగా, మధ్యలో పల్చగా ఉంటాయి. బలం కావలసిన చోట బలం, అక్కర్లేని చోట బరువు తగ్గింపు. ఆ గొట్టాల్ని ఇత్తడితోనో వెండి కలిపిన లోహంతోనో అతుకుతారు. మంట ఎక్కువైతే గొట్టం పాడు, తక్కువైతే అతుకు బలహీనం. ఆ చెయ్యి ఏళ్ళ తరబడి పని చేస్తేగాని రాదు.

జపాన్లో అయితే ఇది సరదా వ్యవహారం కాదు, కడుపు కూటి వ్యవహారం. అక్కడ 1948లో కొకురా అనే ఊళ్ళో కెయిరిన్ పందేలు మొదలయ్యాయి. జనం డబ్బు కాస్తారు, మన దగ్గర గుర్రప్పందేల్లాగా. అంచేత ఒకడి సైకిలు గొప్పదని వాడు గెలవకూడదు. సంప్రదాయ కెయిరిన్‌లో ప్రతి ఫ్రేమూ స్టీలుదే, ఆమోదముద్ర ఉన్న పనివాడు చేసిందే అయివుండాలి. కానీ కొలతలు మాత్రం ఎవరివి వాళ్ళవే! 1977 నుంచి 1986 దాకా వరసగా పదిసార్లు ప్రపంచ స్ప్రింట్ ఛాంపియనైన కొయిచి నకానోకి ఫ్రేములు కట్టినవాడు నాగసావా. ఆ నాగసావా పని నేర్చుకున్నదెక్కడో తెలుసా? ఇటలీలోనే.

ఇదంతా విని "ఛాంపియన్లకి కావాలి గానీ మనకెందుకండీ?" అనకండి. నా అనుభవంలో కొలతల సైకిలు నిజంగా అవసరమైంది ఛాంపియన్లకన్నా పొట్టివాళ్ళకీ, మరీ పొడుగువాళ్ళకీ. మధ్యస్థంగా ఉన్నవాడికి కొట్లో ఉన్నదేదో సరిపోతుంది. వాడు కస్టమ్ అన్నాడంటే సగం షోకే.

ఈమధ్య వచ్చిన ఒక ఉత్తరం చూడండి. రాసిందో చెల్లాయి. ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. ఉద్యోగం చేస్తోంది. పొద్దున్నే ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కుతుందట. రెండేళ్ళుగా జీతంలోంచి మిగిల్చిన డబ్బుంది. "కొట్లో అన్నిటికన్నా చిన్న సైజు తీసుకున్నా హ్యాండిల్ అందదు. మెడ పట్టేస్తుంది. మెల్లగా మలుపు తిప్పితే నా కాలి వేళ్ళు ముందు చక్రానికి తగులుతాయి, రెండుసార్లు పడ్డాను. నా కొలతలకి చేయించుకుందామంటే నాన్న 'అంత డబ్బు పెట్టి స్కూటీ కొనుక్కోవే, నలుగురూ నవ్వుతారు' అంటున్నారు. చేయించుకున్నాక అది కూడా సరిపడకపోతే ఏం చెయ్యాలి? ఆ మాట నాన్నతో ఎలా చెప్పాలి? నిద్ర పట్టడం లేదు" అని రాసింది.

అమ్మాయ్, ముందు నీ కాలి వేళ్ళ సంగతి. తప్పు నీది కాదు, చక్రానిది. రేసు సైకిళ్ళ చక్రాలన్నీ ఒకటే కొలత. ఆరడుగులవాడికీ అదే చక్రం, నీకూ అదే చక్రం. ఫ్రేము చిన్నదవుతున్నకొద్దీ ముందు చక్రం పెడలు మీదకి వచ్చేస్తుంది. అది రాకుండా కంపెనీ వాళ్ళు ఫోర్కుని ముందుకి వాలుస్తారు, అప్పుడు హ్యాండిల్ దూరమవుతుంది. అందుకే నీ మెడ పట్టేస్తోంది. ఈ చిక్కు నీ ఒక్కదానిదే కాదు. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే ఇంజనీరమ్మ ఆడవాళ్ళ కోసం ఫ్రేములు కట్టడం మొదలుపెట్టి 1985లో కంపెనీ పెట్టింది. ఆవిడ చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. వెనక మామూలు చక్రం ఉంచి ముందు 24 అంగుళాల చిన్న చక్రం వేసింది! చూడ్డానికి వింతగా ఉండేది, కానీ హ్యాండిల్ దగ్గరకొచ్చింది, కాలు తగలడం మానేసింది. దాంతో వచ్చిన ఇబ్బందల్లా రెండు కొలతల ట్యూబులు మోసుకు తిరగాలి, అంతే. ఇప్పుడైతే రెండూ చిన్న చక్రాలే వేసి కట్టేవాళ్ళున్నారు. నువ్వు అడిగేటప్పుడు ఆ చక్రానికి టైరు మీ ఊళ్ళో దొరుకుతుందో లేదో ముందు తెలుసుకో. టైరు కోసం నెల్లాళ్ళు ఎదురుచూసే కలల సైకిలు గోడకి వేలాడే బొమ్మే.

ఇహ నీ భయం. అది మాత్రం వట్టి భయం కాదు. కొట్లో సైకిలైతే తొక్కి చూసి కొంటాం. దీన్ని పుట్టకముందే కొనాలి. సగం డబ్బు ముందివ్వాలి. పనివాడు ఒంటిచేత్తో చేసుకునేవాడైతే నెలలు పడుతుంది, పేరున్నవాడైతే ఇంకా ఎక్కువ. వచ్చాక నచ్చకపోతే నీ కొలతల సైకిలు ఇంకెవడికి పనికొస్తుంది? సగం ధరకి అమ్మడం కూడా కష్టం. పైగా అతను అడిగే ప్రశ్నలు! బరువెంత కావాలి, మెత్తగా ఉండాలా, చురుగ్గా తిరగాలా, సామాను వేస్తావా అని. 'మంచిది కావాలండీ' అంటే కుదరదు. పెళ్ళిచూపుల్లో 'ఎలాంటి అబ్బాయి కావాలమ్మా' అంటే నోరు పెగలనట్టే ఇక్కడా అవుతుంది.

కాబట్టి అతని దగ్గరికి వెళ్ళేముందు నీకేం కావాలో ఇప్పుడున్న సైకిలు మీదే తేల్చుకో. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఓ దళసరి పుస్తకం పైకి నొక్కిపెట్టి, నేలనుంచి పుస్తకం అంచుదాకా అమ్మ చేత కొలిపించు. దాన్ని 0.883తో హెచ్చించు. పెడళ్ళ ఇరుసు మధ్యనుంచి సీటు పైదాకా అంత ఎత్తుండాలి. కొలత 70 సెంటీమీటర్లయితే దాదాపు 62. ఈ లెక్కకి ప్రచారం తెచ్చినవాడు గ్రెగ్ లెమాండ్, 1989లో టూర్ డి ఫ్రాన్స్‌ని ఎనిమిదంటే ఎనిమిది సెకన్ల తేడాతో గెలిచినాయన. లెక్క వేదవాక్కేం కాదు, మొదలుపెట్టడానికి పనికొస్తుంది. హ్యాండిల్‌ని పట్టుకునే కొమ్ముని పొట్టిది వేయించి చూడు. క్రాంకులు 170 మిల్లీమీటర్లవి ఉంటాయి, 160వో ఇంకా తక్కువవో దొరికితే మార్చి చూడు. ఖర్చు వేలల్లో పోతుంది, లక్షల్లో కాదు. ఇవన్నీ చేసి మూణ్ణెల్లు తొక్కినా మెడ నొప్పి, వేళ్ళు తగలడం పోకపోతే, అప్పుడు చేయించుకో. అప్పటికి ఆ కొలతలన్నీ నీ దగ్గరుంటాయి, పనివాడు ఊహించక్కర్లేదు. నాన్నగారికి చూపించడానికి కూడా ఓ కాగితం ఉంటుంది! ఆయన్ని మాత్రం తప్పుపట్టకు. ఆయన తరంలో చాలామంది 22 అంగుళాల ఫ్రేము సందులోంచి కాలు దూర్చి నేర్చుకున్నవాళ్ళే. సైకిలుకి మనిషి సర్దుకోవాలిగాని, మనిషికి సైకిలు సర్దుకోవడమేమిటని అనిపించడం సహజం.

స్టీలే మేలని నా పక్షపాతం. కార్బన్ తేలిక, కానీ అచ్చు పోసి చేస్తారు గనక ఒక్కరి కొలతకి చెయ్యాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. టైటానియం తుప్పు పట్టదు, అతకడం మాత్రం ఆర్గాన్ వాయువు కప్పి చెయ్యాల్సిన పని, అందరికీ రాదు. స్టీలు గొట్టం సొట్టపోతే దాన్ని కోసి కొత్తది వెయ్యొచ్చు.

పోనీ గొప్పవాళ్ళకైనా ఈ బెంగ తీరిందా? ఎడ్డీ మెర్క్స్‌ని తీసుకోండి. అయిదుసార్లు టూర్ గెలిచినవాడు. 1972లో మెక్సికో నగరంలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. అందుకోసం ఎర్నెస్టో కొల్నాగో చేసిచ్చిన సైకిలు ఆరు కిలోలు కూడా లేదు. ప్రపంచంలో అందరికన్నా మంచి పనివాళ్ళు ఆయన కోసం కూర్చుని ఫ్రేములు కట్టారు. అయినా ఆయనకి కుదిరేది కాదు! 1969లో బ్లువా అనే ఊళ్ళో ట్రాక్ మీద పెద్ద ప్రమాదం జరిగింది. ముందు మోటారు బండి నడిపే ఫెర్నాండ్ వాంబ్‌స్ట్ అక్కడే పోయాడు. మెర్క్స్ బతికాడుగాని నడుం ఎముక మెలిపడింది. ఆనాటి నుంచీ రేసు మధ్యలో కూడా సీటు ఎత్తు మార్చుకుంటూనే ఉండేవాడు. సైకిలు మారలేదు, ఒళ్ళు మారిపోయింది. రిటైరయ్యాక 1980లో తనే ఫ్రేముల ఫ్యాక్టరీ పెట్టాడు. నాకైతే వింతగా తోచదు.

అన్నట్టు, 'బ్రేకింగ్ అవే' కథ సగంలో వదిలేశాను. డేవ్ ఆరాధించే ఇటలీ రేసర్లు ఊళ్ళోకొస్తారు. వాళ్ళ పక్కనే తొక్కుతూ సంతోషపడిపోతుంటే, ఒకడు గాలి పంపు తీసి డేవ్ చక్రంలో పెడతాడు! కుర్రాడు పడతాడు, దెబ్బలతోపాటు కల కూడా పగులుతుంది. ఆఖర్న 'లిటిల్ 500' పందెం. అది నిజంగా బ్లూమింగ్టన్‌లో 1951 నుంచీ జరుగుతున్నదే. జట్టుకి నలుగురు, రెండొందల చుట్లు. 1962లో డేవ్ బ్లేజ్ అనే విద్యార్థి ఒక్కడే 139 చుట్లు తొక్కాడు, హీరోకి ఊపిరి అతనే. ఆ పందెంలో అందరికీ ఒకే రకం సైకిళ్ళు. గేర్లుండవు, పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు. మాసీ అక్కడ పనికిరాదు. సినిమాలో డేవ్ గెలిచింది ఆ మొద్దు సైకిలు మీదే. మొదటిసారి చూసినప్పుడు నాకు కోపమొచ్చింది, ఇన్ని రీళ్ళు ఆ సైకిలుని చూపించి చివరికి దాన్ని ఇంట్లో వదిలేస్తారా అని. రెండోసారి చూస్తే, పాపం అది వదిలేసినట్టు కాదు, వాడికి అప్పటికే అంత కాలు ఇచ్చింది ఆ మాసీయే కదా అనిపించింది.

చెల్లాయి ఉత్తరం చివర్లో ఓ ప్రశ్న మిగిలింది, రంగు ఏది వేయించుకోవాలని. ఇటలీ బియాంకీ వాళ్ళ లేత ఆకాశనీలం బావుంటుందా, మెర్క్స్ మోల్తేని జట్టు నారింజ రంగు బావుంటుందా అంటోంది. కొలతలింకా కాగితం మీదికి రాలేదు, అప్పుడే రంగు దాకా వెళ్ళిందంటే ఆ సైకిలు సగం తయారైనట్టే. నారింజే వేయించుకో అమ్మాయ్. తెల్లవారుజామున లారీవాళ్ళకి దూరంనుంచే కనబడుతుంది.