వేలిముద్ర వేసే ముందు తీర్మానం చదివించండి



గోదావరికి రెండు గట్లా ఉన్న మన కోయ, కొండరెడ్డి గూడేల్లో తునికాకు కల్లంలో కట్టకు యాభై ఆకులు ఉండాలి. తక్కువైతే కల్లేదారు కట్ట పక్కన పడేస్తాడు. మన ఆడవాళ్లు మాత్రం తక్కువవాళ్లా? ఎన్ని కట్టలిచ్చారో, కార్డులో ఎన్ని రాశాడో అక్కడే నిలబడి చూసుకుని గానీ కదలరు. కల్లం దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండే మనం, గ్రామసభ రిజిస్టరు ముందు కళ్లు మూసుకుంటున్నాం.

పోయిన వేసవిలో ఒక గూడెంలో జరిగింది చెబుతాను. ఉపాధి పని ఆపి అందరూ చింతచెట్టు కింద కూర్చున్నారు. ఒకాయన వచ్చి రిజిస్టరు తెరిచాడు. పేజీ పైభాగం ఖాళీ. కింద సంతకాలకు గీతలు మాత్రం కొట్టి ఉన్నాయి. "మస్టరే, వెయ్యండి" అన్నాడు. డెబ్బై ఏళ్ల అవ్వ ఒకామె బొటనవేలు అద్ది, ఆ సిరా కొంగుకు తుడుచుకుని మళ్లీ పలుగు పట్టింది. నెల తర్వాత తెలిసింది, ఆ ఖాళీలో ఏం రాశారో: వాగులో ఇసుక తీయడానికి గ్రామసభ ఒప్పుకుందట! ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఒక్క మాట అడగలేదు. ఆ తప్పు మళ్లీ జరగకూడదనే ఈ కరపత్రం.

ఆ వేలిముద్ర ఎంత విలువైందో తెలియాలంటే రాజ్యాంగం దాకా వెళ్లాలి. రాజ్యాంగమంటే సర్కారు మనకు పెట్టిన చట్టం అనుకుంటారు చాలామంది. కాదు, అది జనం సర్కారుకు వేసిన కరకట్ట. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నది మీద కోపంతో కట్ట వేయలేదు కదా. సర్కారు కావాలి, దాని బడి కావాలి, ఆసుపత్రి కావాలి. కానీ అది ఎక్కడిదాకా రావచ్చో గీత ఉండాలి. 13వ అధికరణం ఆ గీతే. ప్రాథమిక హక్కులను హరించే చట్టం చేసే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు.

ఏజెన్సీకి ఆ గీత ఇంకా బలంగా గీశారు. రాజ్యాంగ సభలో 1946 డిసెంబరులోనే ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా లేచి, ప్రజాస్వామ్యం ఆదివాసులకు నేర్పేది కాదని, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందని చెప్పాడు. తర్వాత 244వ అధికరణం, అయిదో షెడ్యూలు వచ్చాయి. పార్లమెంటు చేసిన చట్టాన్నయినా ఇక్కడ వర్తించకుండా ఆపే, మార్చే అధికారం గవర్నరుకు ఇచ్చారు. ఆ షెడ్యూలు కిందే, ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా ఆపే 1959 భూబదలాయింపు నిబంధనలు, వాటిని బిగించిన 1970 నాటి సవరణ వచ్చాయి. అదే మనం రోజూ అనే 1/70.

1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద వచ్చిన కేసు అది. భూమి విషయంలో గిరిజనేతరుడికి వర్తించే నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, సర్కారు భూమి అయినా సరే ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదని కోర్టు తేల్చింది. భూమి తనదే అయినా సర్కారు తన ఇష్టం వచ్చినట్టు చేయడానికి లేదు! ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ఆ కట్ట మీద కాపలా పనిని గ్రామసభకు అప్పజెప్పింది. భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. ఇసుక, రాయి లాంటి చిన్న ఖనిజాల లీజుకు వాటి సిఫారసు ముందుగా తీసుకోవాలి. పథకానికి ఖర్చుపెట్టిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం ఇవ్వాల్సింది గ్రామసభే. కాగితం మీది మాటలని కొట్టిపారేయకండి. ఒడిశా నియమగిరిలో 2013లో పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. తవ్వకం ఆగింది.

2014లో మన మండలాలు కొన్ని ఆంధ్రలోకి పోయాయి. భద్రాచలం ఊరు తెలంగాణలో, ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలో. రాష్ట్రం మారింది గానీ అయిదో షెడ్యూలు మారలేదు. హైదరాబాదుకైనా అమరావతికైనా అదే కట్ట.

ఇక్కడే పుట్టి పెరిగిన గిరిజనేతర కుటుంబాలకూ ఒక మాట. ఇది మిమ్మల్ని ఊళ్లోంచి వెళ్లమనే కరపత్రం కాదు. ఖాళీ పేజీ మీద సంతకాలు తీసుకునే అలవాటు ఒకసారి పాతుకుంటే, మీ రోడ్డు పని బిల్లూ ఆ పేజీ మీదే పాసవుతుంది.

మేం అడిగేది ఇదీ. సభ పంచాయతీ ఆఫీసులో కాదు, గూడెంలో జరగాలి. ఒక గూడాన్నే గ్రామంగా లెక్కించే వీలు పెసాలోనే ఉంది. తీర్మానం అక్కడికక్కడే రాయాలి, కోయ గూడెంలో కోయభాషలో చదివి వినిపించాలి, ఆ తర్వాతే వేలిముద్రలు. అటవీ హక్కుల తీర్మానమైతే సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. తలలు లెక్కపెట్టి ఆ సంఖ్య రిజిస్టరులో రాయించండి. సభ ముగిశాక పేజీని ఫోనులో ఫొటో తీసి పటేల్ దగ్గర, బడిలో ఒక్కో కాపీ ఉంచండి.

మస్టరని చెప్పి ఎవరైనా రిజిస్టరు చాపితే, ఇంకు ముట్టుకోకముందే పేజీ పైభాగం చూడండి. ఖాళీగా ఉంటే లేచి పనిలోకి వెళ్లిపోండి.