రబ్బింగ్ కొట్టించకండి మహాప్రభో!

పోయిన నెల్లో ఓ శనివారం పొద్దున్న పంజాగుట్టలో ఒక కార్ల షాపు ముందు నిలబడి, నా కారు బానెట్ అంచు మీద రూపాయి బిళ్ళంత బూడిదరంగు మచ్చ వంక చూస్తూ ఉండిపోయాను. కారేమో నలుపు. మొదట గ్రీజో, దుమ్మో అనుకుని వేలితో తుడిచా. పోలేదు. తర్వాత అర్థమైంది, అది పైన పడిన మచ్చ కాదు, లోపల్నుంచి బయటపడ్డ ప్రైమరు. దాని మీద ఉండాల్సిన రెండు పొరల్నీ పాలిషింగ్ మిషను తినేసింది.

నేను గట్టిగానే అరిచాను. షాపు ఓనరు వచ్చి వంగి చూసి, "అంచుల కాడ గట్లనే అయితది సార్" అని, మిషను పట్టుకుని నిలబడ్డ కుర్రాడి వైపు తిరిగి "నీ జీతంల కెళ్ళి కోస్తా" అన్నాడు. కుర్రాడికి ఇరవై కూడా ఉండవు. మూతికి గుడ్డ కూడా లేదు, కనుబొమ్మల మీద తెల్లటి కాంపౌండు పొడి. ఏం మాట్లాడలేదు. అప్పుడు నా నోరు కూడా పడిపోయింది, ఎందుకంటే నా చేతిలో ఉన్న కాగితం మీద "మిషన్ రబ్బింగ్, వ్యాక్స్ పాలిష్, టెఫ్లాన్" అని రాసి ఉంది, కింద సంతకం నాది. రబ్బింగ్ అంటే ఏంటి, ఎందుకు, ఎంత అని నేను అడగలేదు. ఒక వేరియబుల్ పేరు బాలేదని కోడ్ రివ్యూలో గంటన్నర కొట్లాడే మనిషిని నేను! కారు తాళాలు ఇచ్చి పక్కన టీ తాగడానికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత మూడు వారాలు ఇదే పనిగా చదివి, పెయింటు పని తెలిసినవాళ్ళని విసిగించి, తెలుసుకున్నదంతా కోపంతో కలిపి ఇక్కడ పెడుతున్నా. చెప్పొచ్చేదేంటంటే, వ్యాక్స్ చేత్తో పెట్టుకోవాల్సిన వస్తువు. మన ఊళ్ళో షాపులు "మిషన్ వ్యాక్స్" అని అమ్మేది చాలా చోట్ల వ్యాక్స్ కాదు, కారుని ఆకురాయి పట్టడం. అది ఆర్నెల్లకోసారి చేయించుకునే వాళ్ళు డబ్బులిచ్చి మరీ కారు చర్మం ఒలిపించుకుంటున్నారు. కాదంటారా, రండి వాదించుకుందాం.

లెక్కతో మొదలుపెడదాం, మన జాతికి అదే అర్థమవుతుంది కాబట్టి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగు లేని క్లియర్ కోటు ఉంటాయి. అన్నీ కలిపితే సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం 70 దాకా ఉంటుంది, అంటే కారుకి ఎండ నుంచి ఉన్న ఏకైక గొడుగు మీ వెంట్రుక కంటే పల్చన. మిషనుకి గరుకు ప్యాడు తగిలించి కాంపౌండుతో గట్టిగా రుద్దితే ఒక్కసారికి రెండు మూడు మైక్రాన్లు పోవడం మామూలు విషయం. అంచుల దగ్గరా, బాడీ లైన్ల మీదా పెయింటు ముందే పల్చగా ఉంటుంది, ప్యాడు ఒత్తిడి మొత్తం అక్కడే పడుతుంది. ఏడాదికి రెండుసార్లు చొప్పున ఐదేళ్ళు కొట్టించండి. గుణించుకోండి. క్లియర్ కోటులో మూడో వంతు పోయిందంటే ఎండకి తట్టుకునే శక్తి పోయినట్టే లెక్క అంటారు పెయింటు వాళ్ళు. అక్కణ్ణుంచి టాపు మీద తెల్లగా పొక్కులు లేచి ఊడటం మొదలవుతుంది. ఎర్ర కార్లూ, నల్ల కార్లూ అలా బొల్లి వచ్చినట్టు తిరుగుతుంటే చూసే ఉంటారు. ఇది గిట్ కాదు బాబూ, రివర్ట్ ఉండదు. తీసింది తీసినట్టే.

మరి ఈ రబ్బింగ్ అలవాటు ఎక్కడిది? మా బాబాయికి ఖమ్మంలో నీలం రంగు ఫియట్ ఉండేది. దసరాకి ముందు ఆదివారం పాత బనీను గుడ్డా, పాలిష్ డబ్బా పట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి గుడ్డంతా నీలంగా అయిపోయేది. చిన్నప్పుడు నాకదో వింత. ఆ రోజుల్లో పెయింటు ఒకటే పొర, రంగే పైన ఉండేది. ఎండకి రంగు పైపైన వెలిసి సున్నంలా అయ్యేది, దాన్ని రుద్ది తీసేస్తే కింద కొత్త రంగు కనపడేది. పెయింటు దళసరిగా ఉండేది కాబట్టి ఓర్చుకునేది. అంటే రబ్బింగ్ ఆ కార్లకి సరైన వైద్యమే. ఆ ఫియట్లు పోయాయి, 2014లో అంబాసడర్ తయారీ కూడా ఆగిపోయింది, బండ్లన్నీ క్లియర్ కోటుకి మారాయి. వైద్యం మాత్రం మారలేదు. పైగా బాబాయి చేతికి బదులు నిమిషానికి రెండువేలసార్లు తిరిగే మిషను వచ్చింది. ఎవడూ చదవని, ఎందుకుందో తెలియని పాత కోడు పదిరెట్లు వేగం ఉన్న సర్వరు మీద పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మిషను మీద నాకు శత్రుత్వం లేదు, అదీ చెప్పాలి. దానికో పని ఉంది. క్లియర్ కోటు మీద లోతుగా గీతలు పడితే, వాటి చుట్టూ ఉన్న మెట్టని సమం చేయడానికి మిషనే కావాలి, చేత్తో అవదు. కానీ మిషన్లలో రెండు రకాలు. ఒకటి రోటరీ, గ్రైండరు లాగా ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. ఒకే చోట క్షణం ఎక్కువ ఆగితే వేడెక్కి పెయింటు కాలిపోతుంది, చెయ్యి తిరగనివాడు పడితే ఎండలో హోలోగ్రాంలాంటి తిరుగుడు చారలు మిగుల్తాయి. రెండోది డ్యూయల్ యాక్షన్, అది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం మానేస్తుంది, పెద్దగా వేడెక్కదు. కొత్తవాడి చేతికి ఇవ్వాల్సింది రెండోది. నేను చూసిన సందు షాపుల్లో ఉండేది మొదటిది. ఒక మైక్రాన్ మీటరు ఉందా అని ఓనర్ని అడిగితే నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడితే నలభై ఐదు రోజుల్లో మిమ్మల్ని ఏదో ఒక కన్సల్టెంటుగా మార్చేస్తామని చేతిలో కాగితాలు పెడతారు. అక్కణ్ణుంచి కిలోమీటరు దూరంలో, పది పన్నెండు లక్షల కారు మీద రోటరీ మిషను పెట్టే కుర్రాడికి నలభై ఐదు నిమిషాల ట్రైనింగు ఇచ్చే నాథుడు లేడు. పాత డోరు ఒకటి పడేసి దాని మీద నేర్చుకోరా అనొచ్చుగా. అనరు. నా బానెట్ మీద నేర్చుకున్నాడు.

ఇక టెఫ్లాన్ సంగతి. వంటింట్లో పెనానికి ఉండే పీటీఎఫ్‌ఈ కరగాలంటే 327 డిగ్రీలు కావాలి. పెనానికి దాన్ని పట్టించేటప్పుడు అంతకు మించిన వేడిలోనే కాలుస్తారు. మీ కారుని అంత వేడిలో పెడితే మిగిలేది రేకు. షాపులో బయటి వేడికి గుడ్డతో పూసేది పెనం మీద ఉండే కోటింగు అవడానికి వీల్లేదు. సీసాలో ఉన్నది చాలావరకు ఏదో ఒక మంచి సింథటిక్ సీలెంటే అయ్యుండొచ్చు, దానికి పెనం పేరు పెట్టి పెనం రేటు తీసుకోవడమే నా అభ్యంతరం.

సిరామిక్ వాళ్ళు ఇంకో మెట్టు పైన. "9హెచ్ హార్డ్‌నెస్" అని బోర్డు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసుకి హెచ్‌బీ, 2హెచ్ పెన్సిళ్ళు కొనుక్కున్నాం గుర్తుందా? ఆ వరసలో చివర్లో వచ్చే పెన్సిలు 9హెచ్. ఆ పెన్సిలుతో గీస్తే గీత పడలేదు అని దానర్థం. వజ్రం పది కాబట్టి ఇది తొమ్మిది అని నా టీమ్‌లో ఒకాయన నిజంగా నమ్మాడు, నేనూ నమ్మాను. వజ్రం ఉండేది మోస్ స్కేలు మీద, దీనికీ దానికీ సంబంధం లేదు. హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ మీద, మన దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి, మోస్ స్కేలు మీద వాటి గట్టితనం 7. అవి మీ సిరామిక్‌ని గీసి పారేస్తాయి. సిరామిక్ వ్యర్థమని అనను, వ్యాక్స్ కన్నా చాలా ఎక్కువ కాలం ఉంటుంది, నీళ్ళు నిలవవు, పక్షి రెట్టకి కొంత తట్టుకుంటుంది. కానీ అది వేసేముందు "కరెక్షన్" పేరుతో కారంతా మిషను పెడతారు చూడండి, కొత్త కారుకి కూడా! అక్కడ అడ్డు పడండి.

అసలు గీతలు ఎలా పడుతున్నాయో ఎవరైనా ఆలోచించారా? మన అపార్ట్‌మెంట్ సెల్లార్లో పొద్దున్నే ఆరింటికి ఒక మనిషి, ఒక బకెట్టు, ఒక గుడ్డ, ఇరవై కార్లు. మొదటి కారు దుమ్ము ఇరవయ్యో కారు మీద ఇసక కాగితంలా తిరుగుతుంది. రోజూ. నెలకి నాలుగైదు వందలిచ్చి "రోజూ తుడవాలి" అని షరతు పెట్టింది మనమే, అతన్ని అని లాభం లేదు. ఆ గీతలు రాత్రి పెట్రోలు బంకు లైట్ల కింద సాలెగూడులా కనపడగానే రబ్బింగుకి పరిగెడతాం. గీయించుకోవడానికో బిల్లు, చెరిపించుకోవడానికో బిల్లు. పైగా షాపు వాళ్ళు నూనెతో ఉన్న గ్లేజు పూస్తే గీతలు తాత్కాలికంగా పూడుకుంటాయి, నాలుగు వాష్‌లకి మళ్ళీ ప్రత్యక్షం. నేను మా సెల్లార్ ఆయన్ని బతిమాలుకుని, అదే డబ్బుకి వారానికి రెండుసార్లు నీళ్ళు పోసి కడిగేలా ఒప్పందం చేసుకున్నా. "రోజూ తుడవద్దా సార్?" అని మూడుసార్లు అడిగాడు పాపం.

ఇంక వ్యాక్స్. డబ్బా మీద "కార్నూబా" అని ఉంటుంది, ఈశాన్య బ్రెజిల్లో ఒక రకం తాటిచెట్టు ఆకుల మీద పేరుకునే మైనం అది. 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది, ఉత్తదైతే ఇటుకలా ఉంటుంది, అందుకే నూనెలూ సాల్వెంట్లూ కలిపి మెత్తగా చేస్తారు. కాబట్టి డబ్బాలో ఉన్నదంతా కార్నూబాయే అన్నవాణ్ణి నమ్మకండి. మన ఎండలకి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితే గొప్ప. సింథటిక్ సీలెంట్ అయితే నాలుగైదు నెలలు వస్తుంది, మెరుపు కాస్త పొడిగా ఉంటుంది. బయట ఎండలో పార్కింగు చేసేవాళ్ళు సీలెంటు తీసుకోండి, నీడలో పెట్టుకునే నల్ల కారు వాళ్ళు కార్నూబా పేస్టు. దేనికైనా లేబులు చదవండి. "క్లీనర్ వ్యాక్స్" అని ఉంటే అందులో కూడా గరుకు పొడి ఉంటుంది. పాలిష్ అంటే అరగదీసేది, వ్యాక్స్ అంటే కప్పేది. మన షాపుల్లో ఈ రెండు మాటలకీ తేడా లేకపోవడమే సగం అనర్థం.

పెట్టడం ఏమంత విద్య కాదు. పొద్దున్న ఎనిమిదిలోపు, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు. కార్ షాంపూతో కడగాలి, గిన్నెలు తోమే సబ్బు వద్దు, ఉన్న వ్యాక్స్ కాస్తా పోతుంది. రెండు బకెట్లు, ఒకటి సబ్బుకి, ఒకటి గుడ్డ జాడించడానికి. బోరు నీళ్ళు ఆరితే ఉప్పు మరకలు కడతాయి, కడిగిన వెంటనే మైక్రోఫైబరుతో అద్దాలి. తడిమితే గరగరలాడితే క్లే బార్‌ని తడి మీద ఒకసారి జార్చండి. తర్వాత స్పాంజితో వ్యాక్స్ పల్చగా, ఒక్కో భాగం చొప్పున. దళసరిగా పూస్తే మెరుపు పెరగదు, తుడవలేక చేతులు పడిపోతాయి. మబ్బుగా ఆరాక వేలితో ఒక గీత గీసి చూడండి, శుభ్రంగా వస్తే తుడిచేయొచ్చు. నల్ల ప్లాస్టిక్ మీద పడనివ్వకండి, తెల్లగా ఉండిపోతుంది. కడగడం కాక గంట పని. మెత్తటి ప్యాడుతో డీఏ మిషను మీద నెమ్మదిగా పూసినా వ్యాక్స్‌కేం అభ్యంతరం లేదు, కానీ ఆ మిషను కొని, ప్యాడ్లు ఉతికి ఆరేసి మిగుల్చుకునే టైము పది నిమిషాలు.

"వీకెండు ఒక్కటే దొరుకుతుంది, అందులో ఇదొకటా" అంటారు. మరి షాపులో రెండు గంటలు ఫోను చూస్తూ కూర్చునేది ఏ వీకెండు? ఇంకొందరు "అమ్మేటప్పుడు మెరుస్తుంటే రేటొస్తుంది కదా" అంటారు. ఇప్పుడు సెకండ్ హ్యాండు కార్లు కొనేవాళ్ళు పెయింటు మందం కొలిచే మీటరు పట్టుకుని వస్తున్నారు. నా బానెట్‌కి మళ్ళీ పెయింటు కొట్టించాక కొలిపిస్తే 210 వచ్చింది, పక్కన ఫెండరు 105. చూసేవాడెవడైనా "ఎక్కడ గుద్దారు?" అనే అడుగుతాడు. గుద్దలేదు స్వామీ, పాలిష్ పెట్టించా అంటే నమ్మేదెవరు!

ఆ పెయింటు ఖర్చు సగం నేను, సగం షాపు ఓనరు. కుర్రాడి జీతం ముట్టుకోనని నా ముందు మాటిచ్చాడు, కానీ బండి తెచ్చుకోడానికి వెళ్ళిన రోజు ఆ కుర్రాడు అక్కడ లేడు. అడిగితే "ఊరికి పోయిండు" అన్నారు. వేరే కుర్రాడు అదే మిషనుతో ఎవరిదో కొత్త కారు డిక్కీ రుద్దుతున్నాడు, షోరూం నుంచి వచ్చి నెల కూడా కాలేదేమో, సీట్లకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఉన్నాయి. ఓనరుగారు పక్కనే కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగులో ఉన్నాడు, మెడలో మన జాతి ఐడీ కార్డు. వెళ్ళి చెప్పాను. "మ్యూట్‌లో ఉన్నా, ఒక్క నిమిషం" అని వేలు చూపించాడు. ఆ ఒక్క నిమిషం పది నిమిషాలైంది. అప్పటికి డిక్కీ అయిపోయి టాపు మీదకి ఎక్కాడు కుర్రాడు.

నిన్న ఆదివారం సెల్లార్లో నా కారుకి వ్యాక్స్ తుడుస్తుంటే మూడో అంతస్తు అంకుల్ గారు నడక ముగించుకుని వస్తూ ఆగి, కాసేపు చూసి, "బాగా చేస్తున్నావయ్యా, మా కారుకి ఎంత తీసుకుంటావ్?" అన్నారు. నాలుగేళ్ళుగా అదే లిఫ్టులో ఎక్కుతున్నాం :-) వచ్చే వారం ఆయన కారు నేనే చేస్తున్నా, డబ్బులొద్దు, ఆంటీగారి పెసరట్టు మాట్లాడుకున్నాం.