చార్జర్ మారింది సరే.. రేషన్ కార్డు సంగతేంటి? యూరప్‌తో డిజిటల్ దోస్తీలో తెలంగాణ పల్లెలకు దక్కేదెంత?

బ్రస్సెల్స్‌లో ఒక రూల్ పాస్ అయితే లక్సెట్టిపేటలో ఏమవుతుంది? ఏమీ కాదు అనుకుంటే పొరపాటే. గోదావరి ఒడ్డున ఉన్న ఈ చిన్న పట్టణంలో ఏ మొబైల్ షాపుకెళ్లి అడిగినా చెప్తారు. ఇప్పుడు కొత్త ఫోన్ ఏ కంపెనీదైనా చార్జర్ పిన్ దాదాపు ఒక్కటే. టైప్-సి. చివరికి ఐఫోన్ కూడా 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 15 సిరీస్‌తో సొంత పిన్ వదిలేసి ఇదే దారికి వచ్చింది.

ఆపిల్ మనసు మారడానికి పెద్ద కారణం యూరప్ చట్టం. 2024 డిసెంబర్ 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే కొత్త ఫోన్లన్నింటికీ టైప్-సి తప్పనిసరి. యూరప్‌కో మోడల్, ఇండియాకో మోడల్ తయారు చేయడం కంపెనీకి దండగ. అందుకే ఒకే మోడల్ ప్రపంచమంతా అమ్ముతోంది. అలా యూరప్ రూల్ మంచిర్యాల జిల్లా దాకా నడుచుకుంటూ వచ్చేసింది.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. కంపెనీలకు పెట్టిన రూల్స్ సరుకుతో పాటు వస్తాయి. ప్రభుత్వాలకు పెట్టిన రూల్స్ అలా రావు. వాటిని అడిగి తెచ్చుకోవాలి. భారత్, యూరప్ మధ్య ఇప్పుడు జోరుగా సాగుతున్న డిజిటల్ సహకారంలో సామాన్యుడు పట్టించుకోవాల్సిన పాయింట్ ఇదే.

భారత్-యూరప్ మధ్య ఇప్పటిదాకా ఏం జరిగింది?

2022 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ, యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయెన్ కలిసి ఒక వేదికను ప్రకటించారు. పేరు ట్రేడ్ అండ్ టెక్నాలజీ కౌన్సిల్. భారత్ ఇలాంటి ఏర్పాటు చేసుకోవడం అదే తొలిసారి. ఆ తర్వాతి ముఖ్య ఘట్టాలు ఇవీ..

• 2023 మే 16: బ్రస్సెల్స్‌లో తొలి మంత్రుల స్థాయి భేటీ. డిజిటల్ పాలన, గ్రీన్ ఎనర్జీ, వాణిజ్యం అంటూ మూడు వర్కింగ్ గ్రూపులతో పని మొదలైంది.

• 2024 ఫిబ్రవరి 2: పారిస్ ఈఫిల్ టవర్ టికెట్లకు యూపీఐ చెల్లింపులు ప్రారంభం.

• 2025 ఫిబ్రవరి 28: ఢిల్లీలో రెండో భేటీ. యూరప్ ఏఐ ఆఫీసు, ఇండియా ఏఐ మిషన్ కలిసి పనిచేయాలని నిర్ణయం.

• 2025 నవంబర్ 21: మన యూపీఐని యూరప్ ఇన్‌స్టంట్ పేమెంట్ వ్యవస్థ ‘టిప్స్’తో కలిపే పని అమలు దశకు చేరిందని రిజర్వ్ బ్యాంక్ ప్రకటన.

• 2026 జనవరి 27: ఢిల్లీ శిఖరాగ్ర సమావేశంలో, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై చర్చలు ముగిశాయని ఇరుపక్షాల ప్రకటన.

వీటిలో ఎక్కువ మంది షేర్ చేసుకున్నది ఈఫిల్ టవర్ దగ్గర యూపీఐ వార్తే. గర్వించదగ్గ విషయమే, కాదనలేం. పైగా యూపీఐ, టిప్స్ కలిస్తే యూరప్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగు పిల్లలు ఇంటికి డబ్బులు పంపడం తేలికవుతుంది.

అయితే 2025 ఫిబ్రవరి భేటీ తర్వాత వచ్చిన ఉమ్మడి ప్రకటనలో అంతకంటే కీలకమైన మాట ఒకటుంది. ఇరువైపులా ఉన్న డిజిటల్ ప్రజా వ్యవస్థలను ఒకదానితో ఒకటి పనిచేసేలా చేస్తామని, ఆ పని మానవ హక్కులను గౌరవిస్తూ, వ్యక్తిగత డేటాను, గోప్యతను కాపాడుతూ జరగాలని అందులో రాసుకున్నారు. దేశాల మధ్య ఒప్పుకున్న ఈ మాట సొంత గడ్డ మీద ఎంతవరకు అమలవుతోంది? దీనికి జవాబు కావాలంటే తెలంగాణ రేషన్ కార్డుల కథ తెలియాలి.

కంప్యూటర్ చెప్పింది.. కార్డు పోయింది

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్ వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల దగ్గరున్న రికార్డులను ఇది కలిపి చూస్తుంది. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తులు, కరెంటు కనెక్షన్ లాంటి వివరాల్లో ఉన్న పేర్లు, చిరునామాలు పోల్చి ‘ఈ ఇద్దరూ ఒక్కరే’ అని అంచనా వేస్తుంది. కారు ఉన్నవాళ్లు, సొంత ఆస్తులున్నవాళ్లు పేదల పథకాలు తీసుకోకుండా చూడటం దీని ఉద్దేశం. ఉద్దేశంలో తప్పేం లేదు. అనర్హుల చేతిలో కార్డులున్నాయన్నది ఊళ్లలో అందరూ ఒప్పుకునే మాటే.

చిక్కంతా అంచనా తప్పినప్పుడే. మన పేర్ల సంగతి తెలిసిందే. ఒకే ఊళ్లో నలుగురు రాజయ్యలు, ఐదుగురు లక్ష్మిలు ఉంటారు. ఇంటి పేరు ఒక రికార్డులో ముందు ఉంటే ఇంకో రికార్డులో వెనక ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆఫీసుకో తీరు. ఇలాంటి చోట మెషీన్ పొరపడటం పెద్ద వింతేం కాదు.

2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధన కథనం దీన్ని బయటపెట్టింది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు కారు ఉందని వ్యవస్థ తేల్చేసింది. కారణం? పేరు దగ్గరగా ఉన్న ఇంకో మనిషికి కారు ఉండటం. దాంతో ఆ కుటుంబం సబ్సిడీ బియ్యానికి దూరమైంది. ఆ కథనం ప్రకారం 2014-2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు కూడా ఇవ్వలేదు.

విషయం సుప్రీంకోర్టుకు చేరింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తర్వాత దాదాపు 4.9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. 2022 జూలై నాటికి పరిశీలన పూర్తయినవి సుమారు 2.05 లక్షలు. వాటిలో 15,471 మంది అర్హులేనని తేలింది. అంటే దాదాపు 7.5 శాతం.

శాతంలో చూస్తే చిన్న అంకె. కానీ ఇది ఇళ్ల లెక్క. నెలనెలా రావాల్సిన బియ్యం రాకపోతే ఆ లోటు కిరాణా షాపు ఖాతాలో కనిపిస్తుంది. చేతిలో పని లేని నెలలో అయితే నేరుగా కంచంలో కనిపిస్తుంది.

నెదర్లాండ్స్‌లో ప్రభుత్వమే కూలిపోయింది

ఇదేదో మన దగ్గరే జరిగిందనుకోవద్దు. టెక్నాలజీలో ఎంతో ముందున్న నెదర్లాండ్స్‌లోనూ అచ్చం ఇలాంటిదే జరిగింది. పిల్లల సంరక్షణ ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని మోసపూరితంగా తీసుకున్నారంటూ వేలాది కుటుంబాలపై అక్కడి పన్నుల శాఖ తప్పుడు ముద్ర వేసింది. ఎవరి మీద అనుమానం పెట్టాలో తేల్చడానికి వాడిన రిస్క్ మోడల్‌లో జాతీయతను కూడా ఒక అంశంగా చేర్చారు. వలస కుటుంబాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తీసుకున్న సాయమంతా తిరిగి కట్టమనడంతో చాలామంది అప్పులపాలయ్యారు.

ఆ వ్యవహారం చివరికి 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుట్టె ప్రభుత్వం రాజీనామా చేసేదాకా వెళ్లింది. ఆ రుట్టెనే ఇప్పుడు నాటో సెక్రటరీ జనరల్. అంతకుముందు 2020 ఫిబ్రవరి 5న హేగ్ కోర్టు ‘సిరి’ అనే మరో ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌ను ఆపేసింది. సంక్షేమ పథకాల్లో మోసాలను పట్టుకోవడానికి వేర్వేరు శాఖల డేటాను కలిపి చూసే వ్యవస్థ అది. అది ఎలా పనిచేస్తుందో ప్రజలకు తెలియకపోవడం, గోప్యత హక్కుకు భంగం కలగడం కోర్టు అభ్యంతరం.

రెండు చోట్లా జబ్బు ఒకటే. తేడా ఎక్కడంటే, యూరప్ ఆ దెబ్బ తర్వాత చట్టంలో కొన్ని తాళాలు వేసుకుంది.

యూరప్ చట్టం ఏం చెప్తోంది?

2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన యూరప్ ఏఐ యాక్ట్ అన్ని రకాల ఏఐని ఒకే గాటన కట్టలేదు. ప్రమాదాన్ని బట్టి విభజించింది. ప్రభుత్వ సాయానికి ఎవరు అర్హులు, ఎవరికి ఆపాలి, ఎవరి దగ్గర తిరిగి వసూలు చేయాలి అని తేల్చే ఏఐని ‘హై రిస్క్’ జాబితాలో పెట్టింది. అంటే ఏంటి? సింపుల్‌గా చెప్పాలంటే..

• వాడకం మొదలుపెట్టే ముందే ప్రజల హక్కులపై ప్రభావాన్ని అంచనా వేయాలి.
• మెషీన్ పనిని పర్యవేక్షించే మనిషి ఉండాలి. అవసరమైతే దాని నిర్ణయాన్ని పక్కన పెట్టే అధికారం ఆ మనిషికి ఉండాలి.
• తన విషయంలో ఏఐ వాడుతున్నారని సంబంధిత వ్యక్తికి చెప్పాలి.
• నిర్ణయం వల్ల నష్టపోతే, అందులో ఏఐ పాత్ర ఏంటో వివరణ అడిగే హక్కు ఉంటుంది.

దీనికి ముందే 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే డేటా చట్టం అక్కడ నడుస్తోంది. జీవితం మీద పెద్ద ప్రభావం చూపే నిర్ణయాన్ని, కొన్ని మినహాయింపులు తప్ప, పూర్తిగా మెషీన్‌కు వదిలేయకూడదని అది చెప్తుంది.

మన చట్టంలో ఉన్నదేంటి.. లేనిదేంటి?

మనకూ డేటా రక్షణ చట్టం వచ్చింది. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదం పొందిన ఈ చట్టానికి 2025 నవంబర్‌లో రూల్స్ నోటిఫై చేశారు. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. తప్పు చేసిన సంస్థలకు రూ.250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. ఒక మనిషిపై ప్రభావం చూపే నిర్ణయానికి డేటాను వాడితే, అది సరైనదై ఉండాలని కూడా చట్టం అంటోంది. ఇది మంచి మాట.

కానీ లోటు కూడా అక్కడే ఉంది. సబ్సిడీలు, పథకాల కోసం ప్రభుత్వం కొన్ని సందర్భాల్లో విడిగా సమ్మతి అడగకుండానే డేటాను వాడుకోవచ్చు. నా డేటా చూపించండి, తప్పుంటే సరిచేయండి అని అడిగే హక్కులేమో సమ్మతి మీద ఇచ్చిన డేటాకే కట్టి ఉన్నాయి. మెషీన్ తీసుకున్న నిర్ణయానికి వివరణ అడిగే హక్కు, యూరప్‌లో ఉన్న రూపంలో, మన చట్టంలో లేదు. ఇక ఏఐకి ఇప్పటికిప్పుడు ప్రత్యేక చట్టం అక్కర్లేదని కేంద్రం 2025 నవంబర్‌లో విడుదల చేసిన మార్గదర్శకాల్లోనే చెప్పింది.

ఇప్పుడే ఎందుకు ఈ చర్చ?

ఎందుకంటే రేషన్ ఇప్పుడు మునుపటి రేషన్ కాదు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. 2025 జూలై 14న తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. ఏళ్ల తరబడి కార్డు కోసం ఎదురుచూసిన కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. కార్డు విలువ పెరిగిందంటే, అది పోతే జరిగే నష్టమూ పెరిగినట్టే.

అదే నెలలో కేంద్రం ఇంకో మార్పు తెచ్చింది. 6 నెలల పాటు రేషన్ తీసుకోకపోతే కార్డును తాత్కాలికంగా నిలిపివేస్తారు. ఆ తర్వాత 3 నెలల్లో ఇంటికి వెళ్లి విచారణ జరిపి, ఈ-కేవైసీ చేసి అర్హత తేల్చాలి. ఇక్కడ ఒక మంచి సంగతి గమనించాలి. కంప్యూటర్ లెక్క తర్వాత మనిషి వచ్చి చూడాలన్న నియమం ఇందులో ఉంది. కానీ ఉత్తర తెలంగాణ పరిస్థితి వేరు. పని కోసం గల్ఫ్‌కో, ముంబైకో, హైదరాబాద్‌కో వెళ్లేవాళ్లు ఇక్కడ ఎక్కువ. విచారణకు వచ్చిన రోజు ఇంటికి తాళం ఉంటే ఏంటి? ముసలివాళ్ల వేలిముద్ర మెషీన్ మీద పడకపోతే ఏంటి? నియమం ఎంత మంచిదైనా ఇలాంటి ప్రశ్నలకు జవాబు మండల ఆఫీసులోనే దొరకాలి.

యూరప్ దారి పూల బాట ఏం కాదు

యూరప్‌ను ఆకాశానికెత్తాల్సిన పని కూడా లేదు. ఆ ‘హై రిస్క్’ నిబంధనల్లో ఎక్కువ భాగం 2026 ఆగస్టులో మొదలవ్వాలని చట్టంలో రాశారు. అయితే కంపెనీలకు భారం ఎక్కువవుతోందన్న ఒత్తిడితో, వీటిని 2027 డిసెంబర్ దాకా వాయిదా వేసే వీలు కల్పిస్తూ యూరోపియన్ కమిషనే 2025 నవంబర్ 19న ప్రతిపాదన పెట్టింది. పౌర హక్కుల సంఘాలు దీన్ని వ్యతిరేకించాయి.

మరోవైపు మన దగ్గర నుంచి యూరప్ నేర్చుకునేవీ ఉన్నాయి. టీ కొట్టు దాకా చేరిన క్యూఆర్ కోడ్, ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా క్షణాల్లో వెళ్లే డబ్బు.. ఇంత పెద్ద స్థాయిలో నడిపి చూపించింది భారతే. అంటే బేరం సమానమైనదే. మన దగ్గర వేగం ఉంది, వాళ్ల దగ్గర బ్రేకు ఉంది. బండికి రెండూ కావాలి.

అడగాల్సినవి నాలుగే

దీనికోసం యూరప్ చట్టాన్ని మక్కీకి మక్కీ దింపుకోనక్కర్లేదు. పెద్ద ఖర్చూ లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్క జీవోతో చేయగలిగినవి నాలుగున్నాయి.

1. కార్డు గానీ, పింఛను గానీ ఆపే ముందు తెలుగులో నోటీసు ఇవ్వాలి. ఫోన్ మెసేజ్ ఒక్కటే చాలదు. కాగితం ఇంటికి చేరాలి.

2. ఏ రికార్డు ఆధారంగా ఆపుతున్నారో అందులో రాయాలి. ‘మీ పేరు మీద ఫలానా వాహనం ఉంది’ అని చెప్తే, అది తనది కాదని చెప్పుకునే వీలుంటుంది.

3. విచారణ పూర్తయ్యేదాకా బియ్యం ఆపొద్దు. తప్పు తేలితే అప్పుడు ఆపొచ్చు.

4. ఎన్ని కార్డులు ఆపారు, ఎన్ని తప్పని తేలి మళ్లీ ఇచ్చారు అనే లెక్క ప్రతి ఏటా మండలాలవారీగా బయటపెట్టాలి.

ఇవి వచ్చేదాకా దారులు లేవా అంటే ఉన్నాయి. ఆహార భద్రత చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్ర స్థాయిలో ఫుడ్ కమిషన్ ఉండాలి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంది. తన కార్డు ఎందుకు ఆగిందో సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగొచ్చు. కాకపోతే ఇవన్నీ దెబ్బ తగిలిన తర్వాత తిరగాల్సిన ఆఫీసులు. ఆ తిరుగుడులో ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్కేసేవాళ్లు లేరు. నోటీసు ముందే వస్తే ఆ తిరుగుడే తప్పుతుంది.

భారత్, యూరప్ తదుపరి భేటీల్లో చిప్‌లు, 6జీ, ఏఐ అంటూ పెద్ద పెద్ద మాటలు చాలానే వినిపిస్తాయి. ఫొటోలూ బాగానే వస్తాయి. అయితే పారిస్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ అయినంత తేలిగ్గా, లక్సెట్టిపేటలో ఒక ముసలవ్వ ‘నా బియ్యం ఎందుకు ఆపారు బిడ్డా’ అని అడిగితే కాగితం మీద జవాబు దొరకాలి. ఈ దోస్తీ ఊరికి ఉపయోగపడిందో లేదో ఆ కాగితమే చెప్తుంది.