దాత అండానికి దాచిన ధర

ఢిల్లీలోని లజపత్ నగర్ నుంచి గురుగ్రామ్ దాకా, నోయిడా నుంచి ఫరీదాబాద్ దాకా ఎక్కడ చూసినా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులే. దాత అండంతో ఐవీఎఫ్ చేయించుకుందామని వెళ్లిన దంపతులకు మొదటిరోజు ఒక అంకె చెబుతారు. ఆ తర్వాత దాతకిచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు వేరంటారు. శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీకి వేరే, పిండాలను గడ్డకట్టించి దాచినందుకు ఏటా అద్దె వేరే, వాటిని గర్భంలో ప్రవేశపెట్టినందుకు మళ్లీ వేరే. ఆరోగ్య బీమా పాలసీల్లో సంతానలేమి సాధారణంగా మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. ఆయుష్మాన్ భారత్‌ కూడా ఆదుకోదు. పుస్తెలు తాకట్టు పెట్టి వచ్చినవాళ్లకు రెండు కేంద్రాల ఖర్చును పోల్చిచూసుకునే వీలైనా లేకపోవడం దారుణం. మొదటి ఇంజెక్షన్‌కు ముందే మొత్తం ఖర్చును పద్దుల వారీగా రాసివ్వడం తప్పనిసరి చేయాలి.

‘సక్సెస్ రేటు’ సంగతి ఇంకా ఘోరం. పరీక్షలో గర్భం నిలిచిందని తేలితే విజయమా, బిడ్డ ఒడిలోకి వస్తే విజయమా? ఆ తేడా బోర్డు మీద ఉండదు. అమెరికాలో 1992లో చేసిన చట్టం వల్ల క్లినిక్‌ల వారీగా ఫలితాలు ప్రజల ముందుకొస్తున్నాయి. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థే వాటిని ప్రచురిస్తుంది. మన 2021 సహాయక పునరుత్పత్తి సాంకేతికత (ఏఆర్‌టీ) చట్టం కూడా జాతీయ రిజిస్ట్రీని ఏర్పాటు చేయమంది. అక్కడ చేరే లెక్కలు ప్రతి క్లినిక్ పేరుతోనూ జనానికి కనిపించాలి.

చౌక ప్యాకేజీ అనగానే అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: దేన్ని తగ్గించి చౌక చేశారు? దాత వయసు 23 నుంచి 35 లోపు ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, అవి ఒకే జంటకు చెందాలి అంటుంది చట్టం. దాతకు 12 నెలల బీమా కూడా ఆ దంపతులే చేయించాలి. ఇంత కాపలా ఎందుకో ఢిల్లీకి వేరే చెప్పక్కర్లేదు. 2014 జనవరిలో ఇక్కడ అండదానానికి వెళ్లిన యువతి ప్రాణాలతో ఇంటికి చేరలేదు. ఇంజెక్షన్లకు ఆమె ఒళ్లు తట్టుకుంటుందా లేదా చూసే పరీక్షల్లో ఒక్క రూపాయి కోసినా అది నేరమే.

నిర్లక్ష్యానికి బలయ్యేది దాత ఒక్కరే కాదు. ఢిల్లీ ఆస్పత్రి ఒకదానిలో సంతాన సాఫల్య చికిత్సతో 2009లో పుట్టిన కవల ఆడపిల్లలకు తండ్రి, తండ్రి అనుకున్న మనిషి కాడని డీఎన్ఏ పరీక్షలో బయటపడింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 2023లో రూ. 1.5 కోట్లు చెల్లించమంది. అంటే 14 ఏళ్లకు. ఆ కుటుంబం ఈలోగా పడిన వేదనకు వెలకట్టే కమిషన్ ఎక్కడుంది?

రాజధాని ప్రాంతంలో మరో చిక్కు, రోడ్డు దాటితే రాష్ట్రం మారుతుంది, అధికారీ మారతాడు. ఢిల్లీ, హరియాణా, ఉత్తరప్రదేశ్ ఏఆర్‌టీ బోర్డులు మూడూ కూర్చుని ఒకే నమూనా ధరల పత్రం ఖరారు చేయాలి. ఎయిమ్స్‌లో 2008 నుంచే ఐవీఎఫ్ కేంద్రం ఉంది. ఇన్ని కోట్ల జనానికి అలాంటివి ఒకటీ రెండూ ఏ మూలకి? జిల్లా స్థాయి ప్రభుత్వాస్పత్రులకూ ఈ చికిత్స రావాలి. ఇక ఆ ధరల పత్రంలో మొదటి పద్దుగా దాత బీమా పాలసీ నంబరు ఉండాలి. అది ఖాళీగా ఉన్న కేంద్రం రిజిస్ట్రేషన్ ఆ రోజే ఆగిపోవాలి.